అటక మీది గాలి

మా ఇంటి కరెంటు బిల్లు కాగితం మీద రాదు. ఫోన్‌కి వస్తుంది, డబ్బు బ్యాంకులోంచి దానంతటదే పోతుంది. కాబట్టి 2023 ఆగస్టులో 412 డాలర్లు పోయాయన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియనక్కర్లేదు. నేనే నోరు ఊరుకోక, భోజనాల దగ్గర మా ఆవిడతో అన్నాను: "నాలుగొందల పన్నెండు! మన ఇంటికి వేస్తున్నామా ఏసీ, డాలస్ మొత్తానికా?" నాన్న పెరుగన్నం కలుపుకుంటున్నాడు. తలెత్తలేదు. ఆ మాట ఆయన చెవిన పడిందేమోనని నాకు తట్టలేదు.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరికి రావడం అదే మొదటిసారి. మేలో వచ్చాడు. జూన్ నుంచి రాత్రుళ్ళు దగ్గు. డాక్టరు చూసి మందులిచ్చాడు, భయపడాల్సిందేం లేదన్నాడు. అయినా మా ఆవిడకి అనుమానం తీరలేదు. ఇల్లు కట్టి ఇరవై రెండేళ్ళయింది, పైన ఉన్న డక్టులు ఒక్కసారి కూడా శుభ్రం చేయించలేదు, మావయ్యగారి దగ్గు వాటివల్లే అంది. సరిగ్గా ఆ వారమే పోస్టులో ఒక కూపన్ వచ్చింది. 99 డాలర్లకి ఇల్లంతా డక్టులు శుభ్రం చేస్తారట. ఆరోగ్యం బాగుపడుతుంది, కరెంటు బిల్లు తగ్గుతుంది. మాకున్న రెండు బాధలకీ ఒకటే మందు!

ఇక్కడి ఏర్పాటు గురించి నాలుగు మాటలు చెప్పాలి. మన ఊళ్ళో గదికో ఏసీ. అమెరికాలో, ముఖ్యంగా ఇలాంటి శివారు కాలనీల్లో, ఇల్లు మొత్తానికి ఒకటే మిషను. హాల్లో పైకప్పుకి ఉన్న పెద్ద జల్లెడలోంచి ఇంట్లోని గాలిని లాక్కుంటుంది, ఫిల్టర్ గుండా పంపుతుంది, చల్లటి కాయిల్ మీదుగా తోలి, అటక మీద పరిచిన గొట్టాల్లోంచి గదిగదికీ తోస్తుంది. చలికాలం వేడిగాలి వచ్చేదీ అవే గొట్టాల్లోంచి. మా మిషను నాలుగు టన్నులది. అది బరువు లెక్క కాదు. ఒక టన్ను మంచు ఇరవైనాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని ఇంట్లోంచి తోడిపొయ్యగలిగితే ఒక టన్ను. మంచుగడ్డలతోనే చల్లబరుచుకున్న కాలంనాటి కొలత, ఇంకా అలాగే ఉండిపోయింది.

కూపన్ కుర్రాడు వచ్చాడు. మర్యాదస్తుడే. నిచ్చెనెక్కి, గొట్టంలోకి ఫోన్ పెట్టి ఒక ఫోటో తీసి చూపించాడు. నల్లగా ఏదో ఉంది. "బూజు కావచ్చు సార్, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు కదా" అన్నాడు. 99 కాస్తా 1,400 అయింది. మందు కొట్టడం, ప్రత్యేకమైన బ్రష్షు, ఇంకా ఏవేవో. "ఇంట్లో పెద్దవాళ్ళు" అన్న మాటకి మా ఆవిడ అప్పటికే సగం ఒప్పేసుకుంది. నేను రేపు చెబుతానని పంపించాను.

అతను వెళ్ళాక నాన్న అడిగాడు. "ఏరా, ఆ గొట్టాల్లో దుమ్ముంటే మిషను కరెంటు ఎందుకు ఎక్కువ తాగుద్ది?"

నా దగ్గర జవాబు లేదు. నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్కు. "బస్సుకి ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోతే డీజిలు తాగుద్ది, నల్లపొగ కక్కుద్ది. అంతేగాని బాడీకి దుమ్ము పట్టిందని తాగుద్దా? దీని ఫిల్టర్ ఎక్కడుందో చూడు ముందు."

హాల్లో జల్లెడ తీశాం. ఫిల్టర్ కాదు, బూడిదరంగు దుప్పటి. అంచు మీద పెట్టిన తేదీ నా చేతిరాతే: జనవరి. అంటే ఎనిమిది నెలలు. అది కోవిడ్ రోజుల్లో భయపడి కొనిపెట్టుకున్న మెర్వ్ 13 రకం. సన్నటి కణాల్ని కూడా పడుతుంది, నిజమే. కానీ ఎంత సన్నగా వడకడితే గాలికి అంత అడ్డం, అంత త్వరగా పూడుకోవడం. పాత మిషన్లన్నీ దాన్ని తట్టుకోలేవు. దగ్గరికి తీసుకుంటే పోపు వాసన! మా పొయ్యి మీది ఫ్యాను పొగని బయటికి పంపేది కాదు, ఒక జాలీలోంచి తిప్పి మళ్ళీ వంటింట్లోకే వదిలేది. ఎనిమిది నెలల ఇంగువ, నూనె ఆవిరి, సాంబ్రాణి, అన్నీ ఆ అట్టముక్క మీద పేరుకున్నాయి.

ఆ రాత్రి కూర్చుని చదివాను. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఈపీఏ, ఈ విషయం మీద మామూలు జనం కోసమే ఒక చిన్న పుస్తకం వేసింది. డక్టులు శుభ్రం చేస్తే జబ్బులు రాకుండా ఉంటాయని ఇంతవరకూ రుజువు కాలేదట. ఊరికే గొట్టాలు తుడిచినంత మాత్రాన మిషను తక్కువ కరెంటుతో నడుస్తుందనడానికీ ఆధారాలు అంతంతమాత్రమే. లోపల బూజు బాగా పట్టినా, ఎలుకలో పురుగులో చేరినా, దుమ్ముతో గొట్టమే పూడుకుపోయినా అప్పుడు చేయించండి అంటుంది. బిల్లు మీద దెబ్బ కొట్టేవి వేరే: పూడిన ఫిల్టర్, మురికి పట్టిన కాయిల్, ఫ్యాను రెక్కలు. గాలి చాలినంత ఆడకపోతే కాయిల్ మీద మంచు కడుతుంది. కాయిల్‌కి దుమ్ము పొర పడితే అది కంబళి కప్పినట్టు వేడిని అందనివ్వదు. గది చల్లబడదు, మిషను ఆగదు.

అన్నిటికన్నా పెద్ద దొంగ ఇంకొకటుంది. మామూలు ఇంట్లో డక్టుల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం దాకా అతుకుల దగ్గర, చిరుగుల దగ్గర కారిపోతుందని ఎనర్జీ స్టార్ వాళ్ళ లెక్క. టెక్సస్ ఎండాకాలంలో అటక కొలిమి. డబ్బు పెట్టి చల్లబరిచిన గాలి ఆ కొలిమిలోకి పోతుంది. లోపలికి లాక్కునే గొట్టానికి చిల్లుంటే ఇంకా అన్యాయం, అటక మీది వేడినీ దుమ్మునీ పీల్చి ఇంట్లోకి పోస్తుంది. అంటే దుమ్ము రోగం కాదు, లక్షణం. చిల్లు మూయకుండా గొట్టం కడిగించడం చిల్లుకుండ తోమి పెట్టుకున్నట్టే.

శనివారం పొద్దున్నే, ఎండెక్కకముందే అటకెక్కాను. కింద నిచ్చెన పట్టుకుని నాన్న. చేతిలో అగరుబత్తి, నిప్పురవ్వ రాలకుండా కింద స్టీలు గిన్నె. ఆలోచన నాన్నదే. "డిపోలో సబ్బునీళ్ళు పూసి చూసేవాళ్ళం గాలి ఎక్కడ పోతందో. ఇక్కడ పొగ చాలు." మిషను నడుస్తుండగా ఒక్కో అతుకు దగ్గరా అగరుబత్తి పెట్టాను. కొన్నిచోట్ల పొగ నిటారుగా లేచింది. మూడుచోట్ల ఎవరో ఊదినట్టు పక్కకి కొట్టుకుపోయింది. మిషను పక్కనున్న పెద్ద గొట్టం దగ్గరైతే పొగ లోపలికే పోయింది. అక్కడ ఎప్పుడో చుట్టిన డక్ట్ టేపు ఎండి, పెచ్చులూడి వేలాడుతోంది. ఈ టేపుది మరో కథ. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవాళ్ళు 1998లో రకరకాల టేపులూ జిగుర్లూ తెచ్చి డక్టుల మీద పరీక్షిస్తే, బాగా విఫలమైంది ఆ పేరు పెట్టుకున్న గుడ్డ టేపేనట!

అతుకులకి పూయాల్సింది మాస్టిక్ అనే ముద్ద. డబ్బా చూసి నాన్న "లప్పమేగా" అన్నాడు. లప్పంలాగే పూశాను. చెమటతో కళ్ళు మండుతుంటే కింద నుంచి ఆయన కేకలు: "అంచుల దాకా లాగు! తొందరపడమాక!" నా చిన్నప్పుడు సైకిల్ ట్యూబుకి పంచరు వేయించేటప్పుడు కూడా ఇదే గొంతు.

కిందికొచ్చాక ప్రతి గదిలోనూ గాలి వచ్చే జాలీ కింద అగరుబత్తి పట్టి చూశాను. అన్నిచోట్లా పొగ చెదిరింది. నాన్న గదిలో మాత్రం నిటారుగా లేచింది. గొట్టం ఊడిందేమో, మళ్ళీ ఎక్కాలి కాబోలు అనుకుంటూ కుర్చీ వేసుకుని చూస్తే, జాలీ మీట మూసి ఉంది. గట్టిగా, చివరిదాకా.

నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నేనే కట్టేశాన్రా" అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఒక్కణ్ణేగా. ఫ్యానుంది. పైన తిరగతానే ఉంది." కాసేపు ఊరుకున్నాడు. "నాలుగొందల పన్నెండంటే ముప్పై నాలుగు వేలు. నా పింఛను పది నెల్లది."

ఆర్టీసీలో రిటైరైనవాళ్ళ పింఛను ఎంతో తెలిసినవాళ్ళకి ఆ లెక్క తప్పు కాదని తెలుసు. మూడు వారాలుగా ఆ గదిలో ఎనభై నాలుగు డిగ్రీల్లో పడుకుంటున్నాడు. పక్కగదిలో మేం డెబ్భై నాలుగులో దుప్పట్లు కప్పుకుంటున్నాం.

ఏమనాలో తెలియక మిషను గురించి చెప్పాను. జాలీ మూస్తే బిల్లు తగ్గదు నాన్నా, ఒక గది మూసేసిన సంగతి ఫ్యానుకి తెలీదు, తోసేది తోస్తూనే ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగి అతుకుల్లోంచి ఇంకాస్త ఎక్కువ కారుతుంది, అన్నాను. "అంటే నీ వాటా గాలి ఇన్నాళ్ళూ అటక మీదికి పోయింది."

"అయితే ఎలకలు సుఖపడ్డయ్యన్నమాట" అన్నాడు. నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది.

నేను మీట తెరిచాను. గాలి ముఖానికి తగిలింది.

కూపన్ కుర్రాడికి వద్దని చెప్పాను. కాయిల్ మాత్రం ఇంకొకాయన్ని పిలిచి కడిగిస్తే 250 డాలర్లయింది. ఆయన పనిలో పనిగా కుర్రాడు ఫోటో తీసిన చోటు కూడా చూశాడు. అది బూజు కాదు, ఉత్త దుమ్మే. మాస్టిక్, కొత్త ఫిల్టర్లు కలిపి 60 లోపే. మరుసటేడాది ఆగస్టు బిల్లు 338. అందులో లప్పం వాటా ఎంతో, వాతావరణం వాటా ఎంతో నేను విడదీయలేను. నాన్న కూడా అప్పటికి ఇంట్లో లేడు, అక్టోబరులోనే తెనాలి వెళ్ళిపోయాడు. దగ్గు తగ్గాకే వెళ్ళాడు. మందులవల్లో, గాలివల్లో, ఊరికి టికెట్ కొన్నందువల్లో చెప్పలేను. మా ఆవిడ మాత్రం వంటింటి ఫ్యాను గొట్టాన్ని ఇంటి బయటికి పెట్టించేదాకా ఊరుకోలేదు.

ఇప్పుడు బిల్లు అంకె భోజనాల దగ్గర పైకి చదవను. నాన్న గది జాలీ, లోపల ఎవరూ లేకపోయినా, తెరిచే ఉంచుతాను.

ఒకటో తారీకున పింఛను పడగానే ఆయన ఫోన్ చేస్తాడు. పిల్లలెలా ఉన్నారని అడగడానికి ముందే "ఫిల్టర్ చూశావా?" అంటాడు. చూశాను నాన్నా అంటాను. చూడని నెలల్లో, ఫోన్ చెవికి ఆనించుకునే హాల్లోకి నడిచి, జల్లెడ తీసి చూస్తాను.