తూరియా నదీగర్భమున

స్పెయిను దేశమున తెరువేల్ మండలపు కొండలలో గ్వాదలవియార్ అను పేర జన్మించి, తెరువేల్ పట్టణము కడ అల్ఫాంబ్రా నదిని తనలో కలుపుకొని, అటుపై తూరియా యను నామము దాల్చి, మొత్తము మీద సుమారు 280 కిలోమీటర్లు కొండలను కోసికొనుచు, తోటలను తడుపుచు వచ్చిన నది, వలెన్సియా నగరము పొలిమేరకు చేరునప్పటికి దిక్కు మార్చి దక్షిణమునకు మరలిపోవుచున్నది. నగరము నడుమ అది తరతరములుగా నడచిన పాతదారి మాత్రము అట్లే యున్నది. గట్లున్నవి, వంతెనలున్నవి, ప్రవాహము లేదు. నేనును నా భార్యయు ప్రయాణము చేసినది ఆ ప్రవాహము లేని నదిలోనే.

1957 అక్టోబరు 14న తూరియా పొంగి నగరమును ముంచివేసి 80 మందికి పైగా పొట్టన బెట్టుకొన్నది. 1908లో మూసీ ఉప్పొంగి హైదరాబాదును ఊడ్చివేసిన పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువను ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసినవి. వలెన్సియా వారు అట్లుగాక నదినే ఊరి వెలుపలికి సాగనంపిరి. సుమారు 12 కిలోమీటర్ల పొడవున, సెకనుకు 5,000 ఘనమీటర్ల నీటిని మోయగల క్రొత్త కాలువను త్రవ్విరి. వట్టిపోయిన పాతగర్భమున మోటారు రహదారి వేయవలెనని పాలకులు తలపోయగా, ఈ నేల మాది, ఇది మాకు పచ్చగా కావలెనని ప్రజలు గొంతెత్తిరి. 1976లో ఆ భూమి నగరమునకు సంక్రమించెను; 1980ల దశకమున ఉద్యానవనము రూపుదాల్చెను. ఆ ప్రజలు ఆనాడు పట్టు విడిచియుండినచో, మోకాళ్ళరిగిన నా భార్య ఈ నగరమును చూడగలిగెడిది కాదు.

ఆమె నాలుగడుగులు వేసి నిలిచిపోవు స్థితిలో ఉండుటచే కూర్చుండి నడుపుకొను మొబిలిటీ స్కూటరును అద్దెకు తీసికొంటిమి. కుడి బొటనవ్రేలి క్రింది మీటను నొక్కిన ముందునకు, ఎడమదానిని నొక్కిన వెనుకకు కదలును. వ్రేలు తీసిన తత్‌క్షణమే ఆగును. వేగమును నియమించు బొడిపెకు ఒకవైపు తాబేలు, మరియొకవైపు కుందేలు చిత్రింపబడి యుండుట చూచి ఆమె చిన్నపిల్లవలె సంబరపడి, తాబేలు వైపునకే త్రిప్పుకొన్నది. ముందరి బుట్టలో నీళ్ళసీసా, శాలువ, పులిహోర డబ్బా సర్దుకొన్నది. ఇట్టి బండికి నగరవీథులలో బెత్తెడెత్తు అంచుగట్టు కూడ గోడయే. నదీగర్భమున అట్టి గోడలు లేవు. ఏలయన నీటికి ఏ వాలు హితమో చక్రమునకును ఆ వాలే హితము. వేలయేండ్లు నది చదును చేసిన దారి యది; కార్లు, బస్సులు తలపైని వంతెనల మీద పోవుచుండగా, దాదాపు 9 కిలోమీటర్లు ఒక్క రోడ్డైన దాటవలసిన పని లేక పోవచ్చును.

పడమట కబెసేరా సరస్సు నొద్ద ఆరంభించి, పైన్ చెట్ల నీడల వెంట తూర్పునకు సాగితిమి. సెర్రానోస్ బురుజుల కడ వాలుదారి పట్టి నగరములోనికెక్కితిమి. 1392–1398 నడుమ కట్టిన ఆ జంటబురుజులు పలుకాలము చెరసాలయై, స్పెయిను అంతర్యుద్ధకాలమున మాద్రిదులోని ప్రాదో చిత్రశాల చిత్రములకు ఆశ్రయమైనవి. అచ్చటి నుండి వర్జిన్ చౌకమునకు పోవు రాతిపరపు బాటలో బండి గతుకులు నా భార్య నడుమున తెలిసినవి. చౌకము చేరగానే నేల నునుపైనది. అందు నడుమ పవ్వళించిన పురుషమూర్తి తూరియా నది. చుట్టును కూజాలతో నిలిచిన ఎనమండుగురు కన్యలు ఆ నదీజలముతో పారు ఎనిమిది కాలువలు.

ప్రతి గురువారమును మధ్యాహ్నము పన్నెండు గంటలకు ప్రధానదేవాలయపు అపొస్తలుల ద్వారము కడ ఆ కాలువల రైతుప్రతినిధులు నల్లనంగీలు తొడిగి జలన్యాయస్థానముగా కూర్చుందురు. వాదము నోటిమాటగానే జరుగును. తీర్పునకు అప్పీలు లేదు. 2009లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వముగా గుర్తించెను. మేమున్న ఆ గురువారము, నిలుచున్న గుంపులో కూర్చున్నవారికి కనబడునవి వీపులే; అది గ్రహించిన యొక స్థానిక వృద్ధురాలు జనమును ప్రక్కకు జరిపి బండికి ముందు చోటిప్పించినది. భాష తెలియకున్నను ఆ చేతిసైగను మేము మరువలేము.

మరల గర్భమునకు దిగి, 15వ శతాబ్దినాటి త్రినిదాద్ వంతెన కమానుల క్రిందుగా పోవుచుండగా నా అడుగు వెనుకబడినది. ఆమె బండి నాపి, "ఏమండీ, కాసేపు కూర్చోండి, మీకు ఆయాసం వస్తోంది. తొందరేం లేదుగా," అన్నది. ఇన్నేండ్లు బజారులలో ఆమె కొరకు నేనాగుచుంటిని. నా కొరకు ఆమె ఆగగలిగినది ఆ బండి వలననే. నడువలేనివారికి చక్రములిచ్చుట యనగా దయ చూపుట కాదు, నలుగురిలో తమవంతు కర్తవ్యమును వారికి మరల అప్పగించుట.

వాస్తుశిల్పి కలాత్రావా నిర్మించిన ధవళసేతువును, పూలకుండీలతో నిండిన పువ్వుల వంతెనను దాటిన పిమ్మట 16వ శతాబ్దాంతపు సముద్రసేతువు ఎదురైనది. అన్నింటిలో సుందరమైనది అదియే, పాదచారులకే విడువబడినది, కాని రెండు కొనలను మెట్లే. పైకెక్కలేక క్రిందినుండియే దాని కమానులను చూచితిమి. ఆవల 70 మీటర్ల గలివర్ బొమ్మ భూమికి బంధింపబడి పడియుండ, అతని కోటుమడతలపై పిల్లలు జారుచుండిరి. నా భార్య కదలనన్నది అచ్చటనే. ఆపై వచ్చు కళావిజ్ఞాన నగరమను సముదాయపు తెల్లని కట్టడములు వాని చెరువులలోని నీడలతో కూడ గొప్పవే, సందేహము లేదు. నాకు మాత్రము గలివర్ కడ నున్న కోలాహలమే ప్రియము.

దక్షిణమునకు పంపిన నదికథ సుఖాంతము కాదు. 2024 అక్టోబరు 29న కుంభవృష్టి కురిసినప్పుడు క్రొత్తకాలువ నగరమధ్యమును కాచెను; దాని కావలనున్న పైపోర్తా మొదలగు ఊళ్ళను పోయో వాగు ముంచెను; ఆ ప్రాంతమున 200 మందికి పైగా మరణించిరి. పారలు, చీపుళ్ళు భుజమున వేసికొని నగరయువజనులు కాలువపై నడకవంతెన దాటి వేలుగా తరలిపోయిరి. ఈ తోటలో తిరుగువారు వారిని తలపకుండరాదు.

ఉద్యానవనము సముద్రము చేరకయే ఆగిపోవును. చివర రైలుపట్టాలు, రేవు అడ్డము. మేమును అచ్చటనే మరలితిమి. సముద్రసేతువు మెట్లను తలచుకొనగా మన నదుల రేవులు గుర్తుకు వచ్చినవి. 2027లో గోదావరికి పుష్కరములు రానున్నవి. రేవులకు మెరుగులు దిద్దు అధికారులారా, ఇంజనీర్లారా, ప్రతి రేవునను మెట్ల ప్రక్కన నీటి అంచు వరకు ఒక వాలుదారి కట్టింపుడు.