తొక్కల టీ: నేను చెప్పడం మరిచిపోయిన సగం పాఠం

జనవరిలో లంచ్ బ్రేక్ తర్వాత మా క్లాసులో అడుగు పెడితే ముందు కమలాల వాసనే పలకరిస్తుంది. సగం మంది స్నాక్స్ బాక్సుల్లో అవే. బెల్ కొట్టేసరికి మూలనున్న చెత్తబుట్ట తొక్కలతో నిండిపోతుంది.

నేను ఐదో తరగతికి ఇంగ్లీష్, ఈవీఎస్ చెబుతాను. ఆ వారం ఈవీఎస్‌లో చెత్త గురించిన పాఠం. రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్ అని బోర్డు మీద రాశాను. పిల్లలు బుద్ధిగా నోట్స్‌లో ఎక్కించుకున్నారు. రీయూజ్‌కి ఉదాహరణ చెప్పమంటే అందరిదీ ఒకటే జవాబు: ప్లాస్టిక్ బాటిల్‌లో మొక్క పెంచడం. పుస్తకంలో ఉన్న బొమ్మ అదే మరి.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె కమలా తొక్క పారేయడం నేనెప్పుడూ చూడలేదు. చలికాలం డాబా మీద చేటలో ఎండబెట్టి సున్నిపిండిలోకి ఆడించేది. బీరకాయ చెక్కు తీస్తే ఆ చెక్కు మధ్యాహ్నానికి పచ్చడయ్యేది. ఎవరికైనా గొంతు గరగర అంటే నాలుగు ఎండు కమలా తొక్కలు, అల్లం ముక్క, కాస్త బెల్లం వేసి మరిగించి ఇచ్చేది. రీయూజ్ అన్న మాట ఆమెకు తెలియదు, పని మాత్రం తెలుసు.

మర్నాడు ఇంటి నుంచి ఆ కషాయమే ఫ్లాస్కులో తీసుకెళ్లాను. కషాయం అంటే పిల్లలు పారిపోతారని "ఆరెంజ్ పీల్ టీ" అన్నాను. తలా రెండు గుక్కలు పోశాను. ఒకమ్మాయి "మేడమ్, ఇందులో టీ పొడి లేదుగా, మరి టీ ఎలా అవుతుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. అసలు టీ అంటే తేయాకు మొక్క ఆకులతో చేసేదే, ఇందులో ఆకూ లేదు, కెఫీనూ లేదు, పేరు మాత్రం అరువు తెచ్చుకున్నాం అని చెప్పాను. క్లాసు బాగా జరిగిందని ఆ రోజు చాలా సంతోషపడ్డాను.

రెండు రోజుల తర్వాత సాయంత్రం ఏడింటికి ఒక తల్లి ఫోన్ చేశారు. "మేడమ్, క్లాసులో తొక్కలతో టీ చేసి చూపించారా?"

బాబు స్కూల్ వ్యాన్‌లో నాలుగున్నరకి ఇల్లు చేరాడట. అమ్మానాన్నలు ఇంకా ఆఫీసుల్లోనే ఉన్నారు. నానమ్మ పడుకుని ఉంది. స్టూలు వేసుకుని ఎక్కి గ్యాస్ వెలిగించాడు. చెత్తబుట్టలోంచి కమలా తొక్కలు, ఆపిల్ తొక్కలు తీసి గిన్నెలో వేశాడు. ఆపిల్ మీది స్టిక్కరు కూడా అందులోనే. అమ్మ అలిసిపోయి వస్తుంది కదా, వచ్చేసరికి టీ రెడీగా ఉండాలని వాడి ఆశ. వడకట్టేటప్పుడు వేడి నీళ్లు చేతి మీద పడ్డాయి.

"బొబ్బ రాలేదు మేడమ్, ఎర్రగా కందింది. ఇందుకా ఫీజు కట్టేది అని మిమ్మల్ని అడగను. గ్యాస్ జోలికి వెళ్లొద్దని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది."

"ఇంట్లో చేయమని నేను చెప్పలేదండీ" అనే జవాబు నా నోటి దాకా వచ్చింది. అది నిజమే. కానీ పదేళ్ల పిల్లలకు టీచర్ చేసి చూపించిందంటే చేయమన్నట్టే. "తప్పు నాదేనండీ" అన్నాను.

ఆ రాత్రి అమ్మమ్మ గురించే ఆలోచించాను. తొక్కలు ఎండిన చేట నాకు గుర్తుంది. ఎండబెట్టే ముందు ఆమె పండ్లను ఎన్నిసార్లు కడిగేదో, పొయ్యి వెలుగుతుంటే మమ్మల్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదన్న సంగతీ గుర్తులేవు. పాఠంలో సగమే నేర్చుకున్నాను, ఆ సగమే పిల్లలకు చెప్పాను.

మర్నాడు క్లాసులో అదే మాట అన్నాను. బాబు చెయ్యి డెస్కు కింద దాచుకుని కూర్చున్నాడు. తప్పు నువ్వు చేయలేదు, నేను చెప్పాల్సింది చెప్పలేదు అన్నాను. ఆ తర్వాత మిగతా సగం పాఠం చెప్పాను. అది పిల్లలకంటే ముందు మీకు తెలియాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, పొయ్యి దగ్గర పెద్దవాళ్లే ఉండాలి. కడగడం, ఒలవడం, ఎండబెట్టడం పిల్లల పని. వెలిగించడం, వడకట్టడం మన పని.

రెండోది, ఒలిచాక తొక్క కడగడం కాదు, ఒలవకముందే పండు కడగాలి. మందులు కొట్టేది తొక్క మీదే. చాలా ఆపిల్స్‌కి మెరుపు కోసం మైనం కూడా పూస్తారు. అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు 2017లో ఆపిల్స్ మీద పరీక్షించి, వంట సోడా కలిపిన నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే పైనున్న పురుగుమందు బాగా పోతుందని చూపించారు. లీటరు నీళ్లకు సుమారు రెండు టీ స్పూన్ల సోడా. అయితే తొక్కలోకి ఇంకిపోయిన మందు అలా పోదని కూడా వాళ్లే చెప్పారు. అందుకే ఇది రోజూ తాగే పానీయం కాదు, అప్పుడప్పుడు సరదాకే. ఎలా పండించారో తెలిసిన పండయితే మరీ మంచిది.

మూడోది, చేసే పద్ధతి. రెండు కమలాల తొక్కలు తీసుకుని లోపలి తెల్లటి పొరను స్పూనుతో గీకేయండి, చేదంతా అందులోనే ఉంటుంది. రెండు గ్లాసుల నీళ్లు, చిన్న అల్లం ముక్క, చిన్న దాల్చిన చెక్క వేసి సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు మరిగించండి. దించి వడకట్టాక బెల్లం కలపండి. ఆపిల్ తొక్కలైతే దాల్చిన చెక్క ఒక్కటి చాలు. దానిమ్మ తొక్క బాగా వగరు, వేలి గోరంత ముక్క మించొద్దు. నిల్వ చేసుకోవాలంటే తొక్క పెళుసుగా విరిగేదాకా ఎండబెట్టి తడిలేని సీసాలో పెట్టండి. బూజు వాసన వస్తే మొత్తం పారేయండి, అక్కడ పొదుపు వద్దు.

వద్దనాల్సినవి కూడా ఉన్నాయి. మామిడి తొక్క వద్దు, సొన పడక నోరు పొక్కేవాళ్లుంటారు. బీపీకో కొలెస్ట్రాల్‌కో మందులు వాడే పెద్దవాళ్లు పంపర పనస తొక్క జోలికి వెళ్లే ముందు డాక్టర్‌ని అడగాలి, అది కొన్ని మందుల మోతాదును ఒంట్లో మార్చేస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకునే పిల్లలకు ఆ సమయంలో దానిమ్మ తొక్కల టీ ఇవ్వొద్దు, వగరు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఇక ఇది మందు కాదు. మరిగిస్తే సి విటమిన్ కూడా కొంత పోతుంది. వాసనకి, వెచ్చదనానికి తాగడమే.

శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి ఆ తల్లి వచ్చారు. మార్కుల సంగతి అయ్యాక లేవబోతూ ఆగారు. "ఆ రోజు కోపంలో వాడు చేసిన టీ సింక్‌లో పారబోశాను మేడమ్. స్టిక్కరుతో సహా ఉడికింది, తాగేది కాదనుకోండి. అయినా వాడి మొహం చూసి బాధనిపించింది. నిన్న ఇద్దరం కలిసి చేశాం. తెల్లది గీకింది వాడు, వెలిగించింది నేను."

ఇప్పుడు మా క్లాసులో తొక్కలు చెత్తబుట్టలో వేయడం లేదు, పిల్లలు బాక్సులోనే పెట్టుకుని ఇంటికి తెస్తున్నారు. బాక్సు మూత తీయగానే తొక్కలు కనిపిస్తే దయచేసి తిట్టకండి. ఉదయం పండు కడిగి పెట్టి ఉంటే, తొక్కలు శుభ్రంగా ఉంటే, సాయంత్రం వాళ్లతో కలిసి గిన్నెలో వేయండి. లేదంటే కుండీలో మట్టి కింద కప్పెట్టమనండి. ఏదైనా సరే, ఆ పది నిమిషాలు పక్కన మీరు ఉండండి.