పాడే మాండొలిన్ కోసం

హోసూరులో కాపురమున్న తెలుగువారికి ఒక సౌకర్యం ఉన్నది. వాయవ్యంగా నలభై కిలోమీటర్లు పోతే బెంగుళూరు. తూర్పుగా కృష్ణగిరి, వేలూరు మీదుగా సుమారు 300 కిలోమీటర్లు పోతే చెన్నపట్నం. పెండ్లి పట్టుచీరెలైనా, పెద్ద వైద్యమైనా, పిల్లల పైచదువులైనా మన పెద్దలు ఈ రెండు ఊళ్లనూ తూచి చూసుకొని, ఏది అనుకూలమో అక్కడికి ప్రయాణం కట్టేవారు. ఒక మంచి మాండొలిన్ కొనవలసి వచ్చినప్పుడు మేమూ ఆ పద్ధతినే అనుసరించినాము. మామిడిపండ్లకు కృష్ణగిరి, గులాబీలకు హోసూరు పేరుపడినవే గాని, నాలుగైదు మేలురకం తంత్రీవాద్యాలను పక్కపక్కన పెట్టి మీటి చూడాలంటే మాత్రం ఊరు దాటవలసిందే. ఆ రెండు ప్రయాణాలలో చూసినదీ, తెలుసుకొన్నదీ మన కుటుంబాలకు ఉపయోగపడగలదని ఇక్కడ రాస్తున్నాను.

మా చెల్లెలి కొడుకుకు పన్నెండేండ్లు. మూడేండ్లుగా గాత్రం నేర్చుకొంటున్నాడు. మాండొలిన్ శ్రీనివాస్‌గారు వాయించిన కీర్తన ఒకటి చెవిన పడినప్పటి నుంచి "నాకు అదే కావల్ల మామా" అని పట్టుపట్టినాడు. ఒకరివద్ద పాత వాద్యం బదులు తెచ్చుకొని ఏడాది పాటు సాధన చేసినాడు. ఇక సొంతానిది కొనవలసిన వేళ వచ్చింది. మా బావగారికి సిప్కాట్‌లోని ఒక కర్మాగారంలో ఉద్యోగం. ఆయన దీపావళి బోనసు అంతా దీనికే కేటాయించినారు. కనుక ఇది పిల్లవాని ముచ్చట మాత్రమే కాదు. ఇంటికి ఒక బాధ్యత.

ఉప్పలపు శ్రీనివాస్‌గారు మన తెలుగుబిడ్డ. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించినారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఆరేండ్ల వయస్సులో తండ్రిగారి మాండొలిన్‌ను చేతికి తీసుకొన్న ఆ బాలునికి గురువుగా దొరికినవారు రుద్రరాజు సుబ్బరాజుగారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని, దానిని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ జరిగింది. 1981లో మద్రాసు రసికులు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వచ్చినవారు ఆ చేతివాటం విన్నారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేండ్లకే, ఆయన కన్నుమూసినారు.

గురువు పాడటం, శిష్యుడు పలికించడం: ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవలె. మంచి మాండొలిన్ ఏదో తేల్చే కొలబద్ద ఇందులోనే ఉన్నది.

మాండొలిన్ మన దేశపు వాద్యం కాదు. నేడు మనం చూసే రూపం 18వ శతాబ్దంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో, వినాచ్యా కుటుంబం వంటి పనివారి చేతుల్లో స్థిరపడినది. ఆ రకానికి వీపు సొరకాయను నిలువునా చీల్చినట్లు గుండ్రంగా ఉంటుంది. సన్నని కర్ర బద్దలను ఒకదాని పక్కన ఒకటి అతికించి ఆ కడుపును తయారుచేస్తారు. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన 1890లలో వేరొక దారి తొక్కినాడు. ఫిడేలుకు మల్లే పై పలకను, వీపును దళసరి కర్ర నుంచి తొలిచి, ఉబ్బెత్తుగా చెక్కినాడు. ఆయన పేర వెలసిన కంపెనీలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో 1922-24 మధ్య తయారైన ఎఫ్-5 మాండొలిన్లను ఈనాటికీ ఆ జాతికి శిఖరాలుగా చెప్పుకొంటారు. వాటిలో ఒకదానిని బిల్ మన్రో అనే ప్రసిద్ధ అమెరికన్ గాయకుడు 1940లలో ఫ్లోరిడాలో ఒక మంగలి దుకాణంలో చూసి, 150 డాలర్లకు కొన్నాడట. నేడు అటువంటిది ఒక్కటి కొనాలంటే లక్ష డాలర్లు దాటుతుంది.

వీపు ఎట్లా ఉన్నా తీగల లెక్క ఒకటే. మొత్తం ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. గుర్రం నుంచి పై కొన వరకు మోగే తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. ఇంత పొట్టి తీగకు నాదం త్వరగా ఆరిపోతుంది. అందుచేత పాశ్చాత్యులు జత తీగలు కట్టి, మీటే బిళ్లను అటూ ఇటూ వేగంగా ఆడించి నాదాన్ని నిలబెడతారు. వారి సంగీతానికి అది చాలా శోభ.

మన సంగీతానికి నాదం నిలిస్తే చాలదు, వంగవలె. వీణకు మైనం మీద నిలిపిన 24 మెట్లు ఉంటవి. తీగను మెట్టు మీద పక్కకు లాగితే గమకం పలుకుతుంది. అదే పని మాండొలిన్ మీద చేయాలంటే బిగువైన రెండు తీగలను ఒకే మేరకు లాగవలె. ఒకటి కాస్త వెనుకబడినా అపస్వరమే. అందుకే శ్రీనివాస్‌గారు ఎనిమిది తీగలను వదిలి, అయిదు విడి తీగలు గల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టినారు. విడి తీగ వేలికి లొంగుతుంది. సన్నని నాదాన్ని విద్యుత్ యంత్రం పెంచి నిలుపుతుంది. కాబట్టి, ప్రపంచంలో గొప్ప మాండొలిన్ ఏది అన్నది ఒక ప్రశ్న. కీర్తన నేర్చుకొనే మన బిడ్డకు మంచిది ఏది అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలపకుండా ఉంటే సగం డబ్బు మిగులుతుంది.

ముందుగా బెంగుళూరు పోయినాము. అత్తిబెలె సరిహద్దు దాటి, మెజెస్టిక్‌లో బస్సు దిగి, బళేపేటకు నడిచినాము. పాతపేటలో అది సంగీత వాద్యాల వీధి. ఒక అంగడిలో వీణలు గోడకు ఆనించి ఉన్నవి. ఒక అంగడి ముందు మృదంగాన్ని ఒళ్లో పెట్టుకొని శ్రుతి చూస్తున్నారు. మాతో మా అమ్మ కూడా వచ్చింది. ఆమెకు డెబ్బయి రెండేండ్లు. ఏ వాద్యమూ వాయించదు గాని, పాట తెలిసిన మనిషి.

అంగడివాడు మూడు మాండొలిన్లు బల్లమీద పరిచినాడు. మొదటిది నిగనిగలాడే రంగుది, చౌకది. రెండవది గుండ్రని వీపుది. మూడవది చెక్కుడు పనితో, నత్తగుల్ల వంటి చుట్ట తలతో, చూడగానే చేయి చాపబుద్ధి పుట్టేది. దాని ధర తక్కిన రెండింటి ధర కలిపినా అందదు.

అంగడిలో ఏమి చూడవలెనో మా వాని గురువుగారు ముందే చెప్పి పంపినారు. పాఠకుల కోసం వాటిని వివరిస్తాను. వాద్యాన్ని కంటి దగ్గర పెట్టుకొని తల వైపు నుంచి గుర్రం వైపు చూస్తే దండి తిన్నగా కనిపించవలె. పై పలకలోని రంధ్రం అంచును చూస్తే, కర్ర గీతలు పైనుంచి లోపలికి అట్లే సాగితే అది ఒకే కర్ర; పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. ఒకే కర్ర పలక నాదం వాయించిన కొద్దీ విచ్చుకొంటుంది. పన్నెండవ మెట్టు వద్ద తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్లు మించితే పిల్లల వేళ్లు నొచ్చుకొంటవి. అదే మెట్టు వద్ద నొక్కి మీటిన స్వరమూ, నొక్కకుండా వేలు తాకించి మీటిన స్వరమూ ఒక్కటిగా ఉండవలె. లేకుంటే గుర్రం తగిన చోట లేదన్నమాట. గుర్రాన్ని జరిపినా కుదరకపోతే ఆ వాద్యాన్ని వదలవలసిందే. చివరగా, ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి మీటవలె. ఎక్కడ జుర్రుమన్నా, బిరడాలు తిప్పినప్పుడు గుంజుకొన్నా కొనరాదు.

ఈ పరీక్షలలో మొదటిది అక్కడే పోయింది. దాని పన్నెండవ మెట్టు స్వరం ఎంత సవరించినా కలియలేదు. ఇటువంటి వాద్యం చేతికిస్తే పిల్లవాని చెవి చెడుతుంది. చెవి చెడకపోతే ఆసక్తి చస్తుంది. "నేర్చుకొనేవాడికి ఇది చాలులే" అని చౌకది కొనిపెట్టే తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించవలె. చేయి తిరిగినవాడు లోపమున్న వాద్యాన్ని సర్దుకొని వాయించగలడు. నేర్చుకొనేవాడికి తప్పు తనదో వాద్యానిదో తెలియదు.

మిగిలిన రెండూ అన్ని పరీక్షలలోను నెగ్గినవి. అప్పుడు అమ్మ అంగడిలో ఉన్న చిన్న స్టూలు మీద కూర్చొని మోహనం ఆలాపించింది. వాడు రెండింటి మీదా పలికించినాడు. రెండూ బాగున్నవి. మోహనంలో స్వరాలు మెట్ల మీద నిలబడితే చాలావరకు రాగం వచ్చేస్తుంది గనుక అది పెద్ద పరీక్ష కాదు. ఆమె తోడి అందుకొన్నది. తోడి గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతూ ఉంటుంది. గుండ్రని వీపుది కొంత ప్రయత్నించి ఆగింది. చెక్కుడు పని గలదానికి గంట మోగినట్లు నాదమున్నది గాని, జత తీగలు లాగేసరికి వాని వేలు ఎర్రబడింది.

"ఇది పాడతా లేదు మామా" అన్నాడు.

"తీగె అరిస్తే చాలదురా, పాడల్ల" అన్నది అమ్మ.

అంగడివాడు మంచివాడు. ఆమె మాట విని నవ్వి, జతకొక తీగ విప్పివేసి చూడమన్నాడు. నాలుగు విడి తీగలతో గాంధారం కొంత కదిలింది. కాని నాదం పలచబడింది. కచేరీకి చాలకపోయినా ఇంట్లో సాధనకు ఇది పనికివచ్చే ఉపాయమే. ఇప్పటికే ఎనిమిది తీగల వాద్యం ఉన్నవారు కొత్తది కొనేముందు దీనిని ప్రయత్నించవచ్చు.

రెండు వారాల తరువాత చెన్నైకి ప్రయాణమైనాము. ఇప్పుడు అణ్ణా సాలై అని పిలిచే పాత మౌంట్ రోడ్డులో 1842లో మొదలైన మ్యూసీ మ్యూజికల్‌ను చూడటమే పిల్లవానికి ఒక పండుగ. పియానోలు, గిటార్లు, ఫిడేళ్లు చూసి ఎంతసేపటికీ కదలలేదు. తరువాత మైలాపూరు పక్కన ఒక పనివాని ఇంటికి పోయినాము. ఆయన కర్ణాటక సంగీతం వాయించేవారి కోసం అయిదు తీగల వాద్యాలు చేసి ఇస్తాడు. ఆయన చూపించినవి రెండు. ఒకటి ముత్యపు చిప్ప నగిషీలతో మెరుస్తున్నది. మరొకటి సాదా కర్ర రంగులో, ఏ అలంకారమూ లేకుండా ఉన్నది.

విద్యుత్ మాండొలిన్‌కు నాదమిచ్చే బోలు కడుపు ఉండదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటవి. ఉక్కు తీగ అదిరినప్పుడు పుట్టే విద్యుత్తును యంత్రం పెంచి వినిపిస్తుంది. కనుక చూడవలసినవి కొంత మారుతవి. దండి, మెట్లు, బిరడాల పరీక్షలు అవే. వాటికి తోడు, అయిదు తీగలూ సమానమైన బలంతో వినిపించవలె. మీటనప్పుడు యంత్రంలో గుయ్యిమనే రొద ఉండరాదు. యంత్రాన్ని ఆపి ఉత్త తీగను మీటినప్పుడు కూడా నాదం కొంతసేపు నిలవవలె. యంత్రం ఉన్న గుణాన్ని పెంచుతుందే గాని, లేని గుణాన్ని తేలేదు. స్పీకరు ఖర్చు వేరే ఉంటుందని ముందే లెక్క వేసుకోవలె.

అమ్మ మళ్లీ తోడి పాడింది. నగిషీలదీ, సాదాదీ రెండూ పలికినవి. సాదాదాని మీద గాంధారం ఊగి, మెల్లగా మధ్యమం అంచు తాకి వచ్చేసరికి అమ్మ పాట ఆపేసింది. వాడు ఆగలేదు. ఆమె ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి తానే రాగాన్ని ముందుకు తీసుకొనిపోయినాడు. పనివాడు లోపల వంటింట్లో ఉన్న భార్యను పిలిచి వినమన్నాడు. బావగారు ధర అడిగినారు. బోనసులో స్పీకరుకు కూడా మిగిలింది.

ఇందులో నాకు సంతోషం కలిగించిన సంగతి మరొకటి ఉన్నది. 2006 నాటి చట్టం వచ్చిన తరువాత తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి పాఠమైంది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే. మన పిల్లలు తమిళంలో చక్కగా రాణిస్తున్నారు. కాని హోసూరు, బాగలూరు, బేరికె, డెంకణికోట ప్రాంతాల తెలుగు ఇండ్లలో తెలుగు మాట నోట ఉండి, తెలుగు అక్షరం కంటికి తెలియని బిడ్డలు పెరుగుతున్నారు. మా వాడూ అట్టివాడే. తోడి వాయించాలంటే ముందు కీర్తన పాడవలె; కీర్తన పాడాలంటే త్యాగరాజస్వామి మాట ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ సాగుతుందో తెలియవలె. ఆ మాట తెలుగు. పోయిన నెల వాడు కీర్తనల పుస్తకం తెచ్చి, అక్షరాలు నేర్పమని వాళ్ల అవ్వను అడిగినాడు. ప్రతి రాత్రి భోజనాలైన తరువాత ఒక చరణం రాస్తున్నారు. రాసినది పాడి, పాడినది మీటుతున్నాడు.

కావున మన పిల్లలకు వాద్యం కొనబోయేవారికి నా మనవి ఇది. పేరు చూసి కొనవద్దు, మెరుపు చూసి కొనవద్దు, చౌక చూసి అసలే కొనవద్దు. ఇంట్లో పాట తెలిసిన పెద్దలుంటే, మోకాళ్ల నొప్పులున్నా సరే, వెంటబెట్టుకొని పోండి. వారు పాడగా ఏ తీగ ఆ పాట వెంట నడుస్తుందో, ఆ వాద్యమే మీ ఇంటికి తగినది.