ఢక్కన్ కింద నీళ్లు

రాత్రి తొమ్మిదిన్నరకు, నేను డెస్క్‌లో జిల్లా పేజీ మూసే పనిలో ఉండగా బడే భాయ్ వీడియో కాల్ చేశాడు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ ఏడు. ఆ టైములో ఆయన ఎప్పుడూ చేయడు. గల్ఫ్ సంపాదన మీద బతికిన ఇళ్లవాళ్లకు తెలుసు, వేళ కాని వేళ ఆ నంబర్ మోగితే దిల్ ఒక్కసారి ఆగి మళ్లీ కొట్టుకుంటుంది.

"ఛోటే, ఒక అంగ్రేజీ కితాబ్ పంపినా, చూడు. జల్దీ చదివి చెప్పు."

ఖైరియత్ అడిగే సమయం కూడా ఇవ్వలేదు. వెనక నల్లని నీళ్లు, దీపాలు, ఒక తెల్లటి బోటు. ఫోన్ పట్టుకున్నది రాయచోటి కుర్రాడు, భాయ్‌కి షాగిర్ద్. వాడి చెయ్యి వణుకుతోంది, బొమ్మ కూడా వణుకుతోంది.

భాయ్ పదిహేనేళ్లుగా అక్కడ బోట్ల మెకానిక్. కువైట్ సిటీకి దక్షిణాన, సౌదీ సరిహద్దు వైపు ఖైరాన్ అనే చోట ఎడారిలోకి కాలువలు తవ్వి, సముద్రాన్ని లోపలికి తెచ్చి, వాటి ఒడ్డున ఊరు కట్టారు. మన దగ్గర ఇంటి ముందు స్కూటర్ ఉన్నట్టు అక్కడ చాలా ఇళ్ల వెనక బోటు ఉంటుంది. పెద్ద బోట్లలో ఇంజన్ వెనక భాగంలో, నేల కింద ఉంటుంది. దాని మీద మూత. మూత మీదే మెత్తటి సీట్లు, కాబట్టి బరువు బాగా ఉంటుంది. చేత్తో ఎత్తే తక్లీఫ్ లేకుండా కరెంటు జాక్‌లు పెడతారు. స్విచ్ నొక్కితే రాడ్డు బయటికి వస్తుంది, మూత లేస్తుంది. కితాబ్‌లో దాన్ని హ్యాచ్ అని రాశారు. భాయ్ ఢక్కన్ అంటాడు. మా పేపర్ భాషలో అయితే నేను 'స్వయంచాలిత యంత్రద్వారం' అని రాసి ఉండేవాణ్ణి, దాని కింద ఏముందో ఎవరికీ అర్థం అయ్యేది కాదు.

ఆ ఢక్కన్ ఇప్పుడు లేవడం లేదు. లేవకపోతే రేపు చూసుకోవచ్చు కదా అనుకున్నాను. అప్పుడు కుర్రాడు ఫోన్‌ని బోటు పక్కకు తిప్పాడు. చిన్న గొట్టం నుంచి నీళ్లు బయటికి చిమ్ముతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ చిమ్ముతున్నాయి. లోపలికి నీళ్లు వస్తున్నాయి, పంపు తోడేస్తోంది. పంపు నడిచేది బోటు బ్యాటరీ మీద. జాక్‌లు నడిచేదీ దాని మీదే. ఆ బ్యాటరీ ఉన్నది ఢక్కన్ కిందే. నీళ్లు ఆపాల్సిన వాల్వు కూడా అక్కడే. బ్యాటరీ అయిపోతే పంపు ఆగుతుంది, మూత అసలే తెరుచుకోదు, బోటు నిలబడ్డ చోటే కూర్చుంటుంది. యజమాని ఊళ్లో లేడు. తాళం చెవి భాయ్ దగ్గర ఉంది. పోతే ఎవరి రోజీ పోతుందో చెప్పక్కర్లేదు.

నేను పేజీ వదిలేసి కితాబ్ తెరిచాను. ఫ్యూజ్ చూడండి. బ్రేకర్ చూడండి. బ్యాటరీ చూడండి.

"అవన్నీ అయిపోయినయ్ రే, ముందుకు పో."

ఆయన చెవితో వైద్యం చేస్తున్నాడని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. స్విచ్ నొక్కితే ఏ ఆవాజూ లేకపోతే జబ్బు స్విచ్‌లోనో ఫ్యూజ్‌లోనో ఉంటుంది. టిక్ మని రిలే కొట్టుకుని ఊరుకుంటే కరెంటు అంతవరకూ వచ్చింది, జాక్ దాకా పోవడం లేదు. మోటారు తిరుగుతున్నా మూత కదలకపోతే లోపల పళ్లు అరిగాయి. మూలిగి ఆగిపోతే ఎక్కడో అడ్డం పడింది, లేదా కరెంటు చాలడం లేదు. ఈ నాలుగింటిని ఆయన రెండు నిమిషాల్లో చెప్పాడు. కితాబ్‌లో వాటికి ఒక పేజీ పట్టింది.

ఇక్కడ టిక్ మంది, ఎడమ పక్క ఒక అంగుళం లేచింది, కుడి పక్క లేవలేదు. జాక్‌లు రెండు. ఒకటి జిందా, ఒకటి ముర్దా. మూత వంకరగా బిగుసుకుంది. కుర్రాడు మళ్లీ మళ్లీ పైకి నొక్కుతుంటే భాయ్ అరిచాడు, "నక్కో దబా రే!" ఒక పక్కే తోస్తే కీళ్లు విరుగుతాయి. కిందికి నొక్కించాడు. మూత సమానం అయింది.

అప్పుడు నాకు దొరికింది. మాన్యువల్ ఓవర్‌రైడ్, క్లెవిస్ పిన్. ఖుషీగా చదివాను. అటువైపు ఖామోషీ.

"ఉర్దూలో చెప్పు రా."

ఉర్దూ మీడియంలో పది దాకా చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా అంగ్రేజీ వార్తలు తెలుగు చేస్తున్న వాణ్ణి నేను. నోట్లోకి 'అత్యవసర విడుదల' అనే మాట వచ్చింది. మింగేశాను. "జాక్ పైభాగాన ఒక కీల్ ఉంటుంది భాయ్, అది లాగేస్తే జాక్ విడిపోతుంది, మూత చేత్తో ఎత్తొచ్చు. వెనక సీటు ఆనే పలక నాలుగు మరలు తీస్తే చెయ్యి పడుతుంది."

"హా, అట్ల చెప్పు."

పలక తీశారు. ఎడమ కీల్ కదిలింది. కుడి కీల్ ఉప్పు తుప్పు పట్టి రాయి అయింది. కితాబ్ రాసినవాడికి ఏం తెలుసు, వాడు కొత్త బోటు చూసి రాశాడు. పంపు గొట్టం ఇప్పుడు చిమ్మే మధ్య విరామం తగ్గినట్టు అనిపించింది నాకు. అడగలేదు.

భాయ్ కుడి జాక్ ప్లగ్ విడదీసి, కుర్రాడితో స్విచ్ నొక్కించి మీటరు పెట్టాడు. పన్నెండున్నర వోల్టులు. కుర్రాడు అన్నాడు, "కరెంట్ వస్తాంది కదన్నా, జాకే చచ్చిపోయింది." నాకూ అదే తోచింది. భాయ్ ఒప్పుకోలేదు. పికప్‌లోంచి ఒక హెడ్‌లైట్ బల్బు తెప్పించి అదే ప్లగ్‌కి తగిలించాడు. బల్బు మిణుకు మంది, అంతే. మీటరుకు కరెంటు కనిపిస్తే చాలు, అది మోయాల్సింది ఏమీ లేదు. బల్బుకు మోత కావాలి. తీగ ఎక్కడో లోపల ఉప్పుకి పచ్చగా కుళ్లింది, చూపుకి పన్నెండున్నర, బరువు పెడితే సున్నా. జాక్ బతికే ఉంది.

(ఈ ముక్క విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఇన్వర్టర్ మెకానిక్ మీటరు చూపిస్తే నేను బల్బు అడుగుతున్నాను. అతనికి నేనంటే గుస్సా.)

ఇక బయటి బ్యాటరీ. పికప్ బ్యాటరీ విప్పి ఒడ్డు మీద పెట్టించాడు. నేను తొందరపెట్టాను. ఆయన ముందు బ్లోయర్ వేశాడు. అది పెట్రోల్ ఇంజన్ బోటు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, మూత కింద అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. కనీసం నాలుగు నిమిషాలు ఫ్యాను తిరగాలని కితాబ్‌లోనూ ఉంది. ఆ నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. నీళ్లు వస్తున్నాయి, బ్యాటరీ తరుగుతోంది, ఆయన అదే బ్యాటరీ మీద ఫ్యాను తిప్పుతూ నిలబడ్డాడు. నేను డెస్క్‌లో కూర్చుని గడియారం చూశాను. పేజీ ఏమైందని సబ్‌ఎడిటర్ వచ్చి అడిగితే చెయ్యి ఊపి పంపేశాను.

అబ్బా పోయినప్పుడు భాయ్ ఏడో తరగతి. సైకిల్ షాపు అమ్మేశారు. ఆయన ఒక ఉస్తాద్ దగ్గర పానాలు అందించే పనికి పోయాడు, నేను బడికి పోయాను. తెలుగు డిగ్రీలో చేరతానంటే మొహల్లాలో నవ్వారు, మియా పిల్లోడికి తెలుగు ఎందుకని. ఫీజు కట్టింది ఆయనే. పెళ్లిళ్లలో నన్ను 'పఢా-లిఖా' అని పరిచయం చేస్తారు, ఆయన్ని 'కువైట్‌లో ఉంటాడు' అంటారు. ఇద్దరం వింటాం. ఏమీ అనం.

రెండు జాక్‌ల తీగలూ కలిపి పొడుగు వైరుకు కట్టాడు, ఒక్కటే తోస్తే మళ్లీ వంకర పోతుంది కాబట్టి. ఆ కొసలు ఒడ్డు మీద బ్యాటరీకి తగిలించాడు, నిప్పు రాలినా అక్కడే రాలాలని. మూత లేవలేదు. కిర్రుమని ఇంకా కిందికి బిగిసింది.

"యా అల్లాహ్," అన్నాను నేను.

"ఉల్టా పడింది, అంతే," అన్నాడు ఆయన. తీగలు తారుమారు చేశాడు. రెండు తీగల జాక్‌లు అంతే, అటు పెడితే దిగుతాయి, ఇటు పెడితే లేస్తాయి. రెండు పక్కలూ ఒకేసారి కదిలాయి. చీకట్లో మూత నెమ్మదిగా, పెద్ద జంతువు నోరు తెరిచినట్టు తెరుచుకుంది. కుర్రాడు ఫోన్‌తో సహా వంగాడు. "హాత్ నక్కో డాల్ రే!" అని భాయ్ వాడి చొక్కా పట్టి లాగాడు. మందపాటి చెక్క దిమ్మె మూత కింద నిలబెట్టాకే లోపలికి దిగాడు.

సముద్రపు నీళ్లు తెచ్చే రబ్బరు గొట్టానికి బిగించిన క్లిప్పు తుప్పు పట్టి తెగింది. ఆయన వాల్వు పిడి అడ్డంగా తిప్పాడు. కాసేపటికి పంపు కూడా ఊరుకుంది.

నా పేజీ ఇరవై నిమిషాలు లేటు. నెట్‌వర్క్ అని చెప్పాను.

మర్నాడు ఒక ఫోటో వచ్చింది, అరచేతిలో పచ్చటి పొడిలా రాలిపోయిన తీగ ముక్క. దాని కింద వాయిస్ మెసేజ్. తన చేతి కింద ఉన్న బోట్లన్నిటికీ ఆ కీల్‌లు తీసి, గ్రీజు రాసి, మళ్లీ పెడుతున్నాడట. సీటు వెనక అంటించడానికి చీటీ రాసి పంపమన్నాడు: కీల్ ఎక్కడుంది, ముందు బ్లోయర్, మూత కింద దిమ్మె. ఉర్దూలో రాశాను. మా ఉస్తాద్ చూస్తే మెచ్చుకునేంత ఖుష్‌ఖత్‌గా. గంటలో జవాబు వచ్చింది.

"షాగిర్ద్‌కి ఉర్దూ రాదంట. తెలుగులో కూడా రాయి."

రాశాను. అచ్చు వేసేంత శుభ్రంగా, యంత్రద్వారం అనకుండా.

మళ్లీ మెసేజ్. రాత్రి డ్యూటీ అబ్బాయి మలబార్ వాడు, మలయాళం కావాలి. నాకు మలయాళం ఎక్కడ వస్తుంది భాయ్ అంటే, "నువ్వు అఖ్బార్‌లో ఉన్నావు కదా, ఎవరో ఒకరు దొరుకుతారు, రేపటికల్లా పంపు," అని పెట్టేశాడు.