మాటు వేయించడమా? మార్చేయడమా?

చెప్పు తెగితే కుట్టించుకోవాలి. గొడుగు ఊచ విరిగితే వేయించుకోవాలి. బిందెకు చిల్లి పడితే మాటు వేయించాలి. ఇదీ మా తరానికి ఇళ్ళలో నేర్పిన అర్థశాస్త్రం. బాగుచేయించడానికి వీలున్న వస్తువును పారేయడం మహాపాపమని మా అమ్మ సిద్ధాంతం. నాకు ఇప్పటికీ అది శిరోధార్యమే. అయితే కారు ముందద్దం విషయంలో ఈ సిద్ధాంతానికి ఒక మినహాయింపు ఉంది. అదేమిటో మనవి చేస్తాను.

నేను రోజూ కాలేజీకి వచ్చేది రాజమండ్రి నుంచి, రాజానగరం – సామర్లకోట ఏ.డి.బి. రోడ్డు మీదుగా. ఒకనాడు టార్పాలిన్ కప్పని కంకర టిప్పరొకటి ముందు పోతూ, దారి దక్షిణగా నాకో రాయి విసిరి వెళ్ళింది. "టక్"మన్న చప్పుడు. చూస్తే అద్దం మీద బఠాణీ గింజంత మచ్చ, దానికి అటూ ఇటూ రెండు మీసాలు. మీసాలతో కలిపి ఒకటిన్నర సెంటీమీటరు. అంతే! కానీ అది పడ్డ చోటు సరిగ్గా స్టీరింగుకు ఎదురుగా, నా కళ్ళ ముందు.

స్టాఫ్ రూములో సలహాలకు కరువేముంది! ముందుగా కెమిస్ట్రీ మాస్టారు అందుకున్నారు. కారు ముందద్దం ఒక్క అద్దం కాదట. రెండు గాజు పలకలు, వాటి మధ్య ముప్పాతిక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పొర. 1903లో ఫ్రాన్సులో ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే ఆయన చేతిలోంచి ఒక గాజుకుప్పె జారి పడిందనీ, లోపల సెల్యులోజ్ నైట్రేట్ ఆరి పొరకట్టి ఉండడంతో పగిలినా ముక్కలు చెదరలేదనీ, ఈ అద్దానికి అదే నాంది అనీ చెబుతారు. 1909లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. అందుకే నా కారు అద్దం మీద రాయి పడినా పై పలకే దెబ్బతింది; లోపలి పలక చెక్కుచెదరలేదు.

"మరి రిపేరంటే ఏం చేస్తారు?" అన్నాను.

"పగులులో ఉన్న గాలిని పంపుతో లాగేసి, రెసిన్ ఎక్కించి, అల్ట్రావయొలెట్ దీపం పెట్టి గట్టిపరుస్తారు. పగులు మనకు మెరుస్తూ కనబడేది అందులో ఉన్న గాలి వల్ల. గాజూ రెసినూ వెలుతురును ఇంచుమించు ఒకేలా వంచుతాయి గనుక నిండాక మెరుపు తగ్గిపోతుంది" అన్నారు.

కాకినాడలో అద్దాల షాపు కుర్రాడూ అదే మాట తన భాషలో చెప్పాడు. "అరగంటలో అయిపోద్దండి. పదిహేను వందలు. మీసాలు ఇంక పాకవండి. కానీ మచ్చ మొత్తానికి పోద్దని మాత్రం చెప్పనండి. పట్టి చూస్తే కనబడుద్ది." కొత్త అద్దమైతే ఎనిమిది వేల అయిదు వందలన్నాడు. ఆ కుర్రాడి నిజాయితీకి ముచ్చటేసింది.

ఇక కామర్సు మాస్టారు కాగితం తీశారు. నా ఇన్సూరెన్సులో గాజుకు తరుగుదల కోత లేదు. చిన్న కారు గనుక వెయ్యి రూపాయలు నేను భరిస్తే, మిగతా 7,500 కంపెనీ ఇస్తుంది. బాగానే ఉందనుకున్నాను. "ఆగండి" అన్నారాయన. అయిదేళ్ళుగా క్లెయిము లేదు గనుక ఓన్ డ్యామేజి ప్రీమియంలో నాకు 50 శాతం బోనసు ఉంది. ఇప్పుడు క్లెయిము పెడితే అది సున్నా. ఆ పైన ఏటేటా 20, 25, 35, 45 మెట్లు మళ్ళీ ఎక్కాలి. ప్రీమియం ఆరు వేలే ఉంటుందనుకుంటే నేను పోగొట్టుకునేది వరసగా 3,000, 1,800, 1,500, 900, 300. కూడితే అక్షరాలా 7,500! కుడిచేత్తో ఇచ్చింది ఎడంచేత్తో పట్టుకుపోవడమంటే ఇదే. బోనసు కాపాడే అదనపు కవరు కొనుక్కున్నవాళ్ళ సంగతి వేరు. నేను కొనలేదు.

కాబట్టి పదిహేను వందలా, ఎనిమిదిన్నర వేలా? రెండూ నా జేబులోంచే. మీరైతే ఏం చేస్తారు?

ఈలోగా మా మావయ్యగారు ఇంటికొచ్చారు. ఆయన రిటైరైన ఆర్.టి.సి. డ్రైవరు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మా రోజుల్లో అద్దానికి రాయి తగిలితే మొత్తం మంచు పట్టినట్టయిపోయేది అల్లుడు గారూ! చేతికి తువ్వాలు చుట్టుకుని గుద్ది, ఆ కన్నంలోంచి చూసుకుంటూ డిపోకి చేర్చేవాళ్ళం" అన్నారు. తరవాత ఒక్క ప్రశ్న వేశారు. "అద్దం ఆగుతుందా అని అందరినీ అడిగారు సరే. రాత్రి లారీ లైటు కొడితే ఆ మచ్చలో ఏం కనబడుతుందో చూశారా?"

ఆ రాత్రే ఇద్దరం వెళ్ళి చూశాం. ఎదురుగా లైటు పడేసరికి ఆ బఠాణీ గింజ కాస్తా శుక్రనక్షత్రమై కూర్చుంది. కన్ను దాని మీదికే పోతోంది తప్ప రోడ్డు మీద నిలవదు.

మర్నాడు ఫిజిక్సు మాస్టారు లెక్క కట్టారు. కంటికీ అద్దానికీ మధ్య 75 సెంటీమీటర్లనుకుంటే, ఒకటిన్నర సెంటీమీటరు మచ్చ యాభై మీటర్ల దూరాన ఒక మీటరు వెడల్పును మూస్తుంది. సైకిలు మీద పోయే మనిషి వెనకనుంచి అంత వెడల్పు ఉండడు! రెండు కళ్ళున్నాయి గనుక ఒకటి పోగొట్టుకున్నది రెండోది చూస్తుందనుకోండి. కానీ మచ్చ వెలుగుతుంటే ఆ ధీమా చాలదు. బ్రిటనులో కార్లకు ఏటా జరిపే పరీక్షలోనూ స్టీరింగుకు ఎదురుగా 29 సెంటీమీటర్ల పట్టీలో 10 మిల్లీమీటర్లు మించిన దెబ్బ ఉంటే ఫెయిలు. మిగతాచోట 40 దాకా ఒప్పుకుంటారు. అంటే దెబ్బ ఎంతదన్నదొక్కటే కాదు, ఎక్కడ తగిలిందన్నదీ ముఖ్యమే.

మా రోడ్డు మీద వెనక లైటు లేకుండా పోయే గడ్డి ట్రాక్టర్లు, ట్యూషన్ల నుంచి సైకిళ్ళ మీద ఇళ్ళకు పోయే పిల్లలు గుర్తొచ్చారు. రెసిన్ ఎక్కించినా మిగిలే ఆ కాస్త మసక వెనక వాళ్ళు ఉండొచ్చు. అంతటితో లెక్క తేలిపోయింది. అద్దం మార్పించాను, సొంత డబ్బుతోనే.

అలాగని అందరూ మార్చేయమని కాదు సుమా! అదే మచ్చ పక్క సీటు ఎదుట పడి ఉంటే నిస్సంకోచంగా పదిహేను వందలే ఇచ్చేవాణ్ణి. రూపాయి బిళ్ళ కంటే చిన్నదై, అంచుకు దూరంగా ఉండి, లోపలి పలక బాగుంటే రిపేరే మేలు. ఫ్యాక్టరీలో వేసిన అతుకు కదలకుండా ఉంటుంది. ఆ అతుకు తక్కువదేం కాదు. కారు పల్టీ కొడితే పైకప్పుకు దన్ను ఆ అద్దమే. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్ బ్యాగు ఉబ్బి ఆనుకునేదీ దానికే. అందుకే కొత్తది వేయించాక జిగురు ఆరేదాకా, ఫిట్టరు చెప్పినంతసేపూ బండి కదపకూడదు. రాయి తగిలిన వెంటనే మాత్రం మచ్చ మీద పారదర్శకమైన టేపు అంటించండి; దుమ్మూ నీళ్ళూ చేరితే రెసిన్ పట్టదు. ఎండలో కాగిన అద్దం మీద చన్నీళ్ళు పోయకండి, ఏ.సి. గాలి దాని మీదికి తిప్పకండి. మీసాలు పాకుతాయి.

విద్యార్థి మిత్రులు "మాకు కార్లెక్కడివి సార్!" అంటారేమో. మీ హెల్మెట్ల ముందు గీతలు పడ్డ అద్దాలున్నాయిగా! ఈ రాత్రి ఎదురు లైటులో ఒక్కసారి వాటిలోంచి చూడండి. రోడ్డుకు బదులు గీతలే కనబడితే, ఈ నెల రెండు సినిమాలు మానుకుని కొత్తది వేయించుకోండి.