సంతలో పలకరించిన మనిషి

మా పాడేరు కొండల్లో ఆషాఢానికి ఇంట్లో చోళ్లు అయిపోతాయి. పోడు ఇంకా మొలకమీదే ఉంటుంది. మామిడి టెంకల అంబలితో గడిపే ఆ రోజుల్లోనే ఆవిడ సంతకు వచ్చేది. పరాయి మనిషేం కాదు. మా భాషే మాట్లాడేది, మేం పిన్నీ అనే పిలిచేవాళ్లం. చింతపండు కొనే షావుకారు దగ్గర మా అప్పెంతో కూడా ఆవిడకు తెలుసు.

"పట్నంలో ఇంటిపనే అమ్మా, మూడు పూటలా తిండి" అని మూడు వేలు బయానా పెట్టింది. వేలిముద్ర అమ్మ వేసింది, పక్కన నిలబడి సరేనన్నది మేమందరం. ఏ ఇల్లో, ఏ వీధో అడగలేదు.

చదువు లేకే పిల్లలు మోసపోతున్నారని మీటింగుల్లో చెబుతారు. మా చెల్లి ఆశ్రమ పాఠశాలలో ఏడు చదివింది. బడి తెరిచాక రాలేదేమని అడిగినవారు లేరు. పేదరికం మాకు ఏడాదంతా ఉంది. బయానా వచ్చేది మాత్రం ఆ రెండు నెలల్లోనే.

రెండేళ్లకు తిరిగొచ్చింది. జీతం అడిగితే బయానాకు, బస్సు ఛార్జీలకు చెల్లన్నారట. బాకీ తీరేదాకా మనిషిని కదలనివ్వకపోవడం వెట్టేననీ, 1976లోనే దాన్ని రద్దు చేశారనీ తర్వాత తెలిసింది.

చెల్లి ఇప్పుడు సంతకు రాదు. ఆవిడ వస్తూనే ఉంది.