పొగ శుభ్రమే, కారు ఫెయిలే

కాలిఫోర్నియాలో పాత స్పోర్ట్స్ కారు పెట్టుకున్నవాళ్ళకి రెండేళ్ళకోసారి ఒక పండగొస్తుంది. పేరు స్మాగ్ చెక్. అందరికీ ఉండదు లెండి. పెట్రోలు కారైతే మొదటి ఎనిమిదేళ్ళూ రిజిస్ట్రేషన్‌తోపాటు చిన్న ఫీజు కట్టేస్తే సరిపోతుంది. 1975, అంతకుముందు మోడళ్ళకి అసలు పరీక్షే లేదు. మధ్యలో ఇరుక్కున్నది నాలాంటివాళ్ళం.

నాది 1999 మజ్దా మియాటా. రెండే సీట్లు, 1.8 లీటర్ల ఇంజను, కంపెనీ లెక్కలో 140 హార్స్‌పవరు. "మరి పిల్లలెక్కడ కూర్చుంటారు బాబూ?" అని మా అత్తగారు అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు :). అది చాలదన్నట్టు దానికి సూపర్‌ఛార్జర్ కూడా బిగించాను. అంటే ఇంజను బెల్టుతోనే తిరిగే గాలి పంపన్నమాట. సిలిండర్లలోకి గాలి ఎక్కువ తోస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ ఎక్కువ పడుతుంది, బలం పెరుగుతుంది.

ఇది వినగానే చాలామంది "కాలిఫోర్నియాలో అది ఇల్లీగల్ కదా?" అంటారు. కాదు. ఇక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు (అందరూ కార్బ్ అంటారు) మార్పులు చెయ్యొద్దనదు, రుజువు చూపించమంటుంది. కిట్టు తయారుచేసినవాడు దాన్ని ఫలానా కారుకి బిగించి, పొగ హద్దు దాటడం లేదని కొలిచి చూపిస్తే ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరిస్తారు. ఆ నంబరున్న స్టిక్కరు బానెట్ కింద అంటించుకోవాలి. నా కిట్టుకి అది ఉంది. రెండుసార్లు పాసయ్యాను కూడా.

మూడోసారి వచ్చింది తిరకాసు.

1999, అంతకుముందు కార్లకి మా బే ఏరియాలో పరీక్ష మూడు ముక్కలు. ఒకటి, ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి ఉండాల్సినవన్నీ ఉన్నాయా, ఉండకూడనివేమైనా ఉన్నాయా అని చూస్తాడు. రెండు, కారు కంప్యూటరుకి తీగ తగిలించి తప్పుల చిట్టా చదువుతాడు (ఇది 1996 నుంచి వచ్చిన కార్లకే). మూడు, కారుని రోలర్ల మీదికెక్కించి, బరువు లాగుతున్నట్టుగా గంటకి 15 మైళ్ళు, 25 మైళ్ళ వేగాల్లో నడిపి, వెనక గొట్టంలో హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడు, నైట్రిక్ ఆక్సైడు ఎంతెంతున్నాయో కొలుస్తాడు. నావి మూడూ హద్దుకి చాలా కిందే వచ్చాయి. కంప్యూటరులో ఒక్క తప్పూ లేదు. అయినా కాగితం మీద "ఫెయిల్".

కారణం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. ఏడాది క్రితం పాతది పగిలితే ఒక షాపువాళ్ళు దాని బదులు స్టీలు గొట్టాల హెడర్ వేశారు. లీగలేనా అని అడిగితే "ఏం పర్లేదు" అన్నారు. తీరా చూస్తే దాని మీద ఆర్డర్ నంబరు లేదు. రిజిస్ట్రేషన్ గడువేమో ఇంకో రెండు వారాలుంది.

కాలేజీ రోజుల మిత్రుడికి ఫోన్ చేసి వాపోతే తేలిగ్గా తీసిపారేశాడు. "ఒరేయ్, నాకు తెలిసిన చోటొకటుంది, ఓ రెండొందలు పడేస్తే కళ్ళు మూసుకుని టిక్కు పెడతాడు. అయినా నీ పొగ శుభ్రంగానే ఉంది కదా, ఎవరికిరా నష్టం?"

లంచం సంగతి పక్కనపెట్టండి, దానికి "వద్దు" అనడం తేలికే. కానీ ఆ చివరి ప్రశ్న మాత్రం రెండు రోజులు నన్ను వదల్లేదు. పొగ శుభ్రంగా ఉన్నప్పుడు గొట్టం మీద నంబరుంటే ఎంత, లేకపోతే ఎంత? ఇది ఉత్త కాగితాల పిచ్చి కాదా?

మన భాషలో చెప్పుకుంటే జవాబు దొరికింది. రోలర్ల మీద చేసేది రెండే రెండు టెస్ట్ కేసులు. 15 మైళ్ళు, 25 మైళ్ళు. అదీ బాగా వేడెక్కిన ఇంజనుతో. ఆ వేగాల్లో నా సూపర్‌ఛార్జర్ దాదాపు నిద్రపోతుంటుంది, బైపాస్ వాల్వు తెరుచుకుని గాలి ఊరికే తిరిగొస్తుంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పని మొదలుపెట్టాలంటే సుమారు 250-300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పొద్దున్నే కారు తీసిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లో అది చల్లగా ఉంటుంది కాబట్టి వచ్చే పొగలో ఎక్కువ భాగం అప్పుడే వస్తుంది. మానిఫోల్డ్ మారిస్తే కన్వర్టర్ త్వరగా వేడెక్కుతుందో, ఆలస్యంగా వేడెక్కుతుందో నాకొచ్చిన ఆ మూడు అంకెలు చెప్పవు.

ఆ నంబరు ఉన్నది అందుకే. దాని వెనక ల్యాబులో వేగం పెంచుతూ తగ్గిస్తూ, ఊళ్ళో నడిపినట్టు నడిపి కొలిచిన కొలతలుంటాయి. అదీ సర్వస్వం కాదు, కానీ రెండు టెస్ట్ కేసులకంటే చాలా నయం. స్మాగ్ షాపులో కొలవలేనిదానికి ఆ స్టిక్కరు పూచీ అన్నమాట.

టెస్టులో శుభ్రం, బయట వేరు అనే పద్ధతి ఎక్కడిదాకా పోతుందో 2015లో ఫోక్స్‌వాగన్ చూపించింది. వాళ్ళ డీజిల్ కార్లలో సాఫ్ట్‌వేరు స్టీరింగు, వేగం లాంటివి గమనించి "ఇది పరీక్ష" అని పసిగట్టేది. అప్పుడు మాత్రం బుద్ధిగా ఉండేది. రోడ్డు మీద కొన్ని కార్లు నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దుకి 40 రెట్ల దాకా వదిలాయి. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లు. 2017లో జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకి 40 నెలల జైలు పడింది. మనలాగే జీతానికి పనిచేసిన మనిషే.

ఇప్పుడు పరీక్ష కూడా మన దారిలోకే వచ్చింది. 2000, ఆ తర్వాతి పెట్రోలు కార్లకి మామూలుగా రోలర్లు లేవు, కంప్యూటర్ని అడిగి తెలుసుకోవడమే. 2021 జులై నుంచి ఇంజను సాఫ్ట్‌వేరు చెక్‌సమ్ లాంటిదాన్ని కూడా సరిచూస్తున్నారు. అనుమతి లేని ట్యూను ఎక్కిస్తే కారు ఫెయిల్. మన ఊళ్ళో పెట్రోలు బంకు పక్కన ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్‌తో పోల్చి చూడండి. పెట్రోలు బండిని నిలబెట్టి కొలుస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే ఉండదు. కొన్నిచోట్ల గొట్టంలో పైపు పెట్టకుండానే కాగితం చేతికి రావడం మీరూ చూసే ఉంటారు.

"ఎవరికి నష్టం" అన్నదానికీ జవాబుంది. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిస్తే ఓజోన్ అవుతుందని కాల్‌టెక్ కెమిస్టు హాగెన్-స్మిట్ 1950ల్లోనే తేల్చాడు. ఆ ఓజోన్ ఆస్తమా ఉన్నవాళ్ళని ఇంకా ఇబ్బంది పెడుతుంది. మా చిన్నదాని స్కూలు బ్యాగులో ఇన్‌హేలర్ ఉంటుంది. ఎండ మండే రోజుల్లో "గాలి బాగాలేదు" అని హెచ్చరిక వస్తే దాన్ని ఆటకి పంపించం. మావాడికి ఇదంతా చెప్పలేదు, "వద్దులేరా" అని ఊరుకున్నాను.

జంక్ యార్డులో అదే మోడలు కారు నుంచి అసలు మానిఫోల్డ్ విప్పుకొచ్చాను. తుప్పు పట్టిన బోల్టులు ఊడదీయడానికే ఒక శనివారం పోయింది. బ్యాటరీ తీసి పెట్టడంతో కారు కంప్యూటరు తన సొంత పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. అవి పూర్తికాకపోతే స్మాగ్ షాపువాడు పాస్ చెయ్యడు. నాలుగు రోజులు పనిగట్టుకుని ఆఫీసుకి ఆ కారులోనే తిరిగి, ఐదోరోజు పాసయ్యాను. మొత్తం ఖర్చు మావాడు చెప్పిన రెండొందలకంటే ఎక్కువే అయింది.

ఈసారి వచ్చిన అంకెలకీ ఫెయిలైనప్పటి అంకెలకీ పెద్ద తేడా లేదు. మావాడికి చూపిస్తే "చెప్పానా!" అంటాడు. ఆ రెండు వేగాల్లో తేడా కనిపించదనే కదా నేనూ చెప్తున్నది.